ఇద్దరు సేనానుల స్వగతాలు – మూడవ గొంతు

చరిత్రలోని ఒక యుద్ధాన్ని తీసుకొని, ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు సేనానుల తరఫున విద్యార్థులచేత స్వగతాలు రాయించే పద్ధతి ఒకటుంది. దీనిని కేవలం బోధనకు సంబంధించిన విషయంగా వదిలివేయడానికి వీలులేదు. రూపం ఉన్నచోట దృక్పథమూ ఉంటుంది. ఎవరికి మాట ఇస్తున్నాం, ఎవరిని మౌనంగా ఉంచుతున్నాం అన్న ప్రశ్న సాహిత్య విమర్శలో ఎంత ముఖ్యమో తరగతి గదిలోనూ అంతే ముఖ్యం. ఈ పద్ధతి మంచిదేనని నేనంటాను. కాని ఇద్దరితో ఆగిపోతే మాత్రం అది అరసత్యాన్నే నేర్పుతుంది.

మన పాఠశాలల వార్షికోత్సవాలలో ఏకపాత్రాభినయానికి కొదవలేదు. మీసం దువ్వే దుర్యోధనుడు, దొరలను ధిక్కరించే అల్లూరి సీతారామరాజు ఆ వేదికలకు పాత పరిచయస్థులు. కుర్రవాడు ఎవరో రాసిన మాటలు కంఠస్థం చేస్తాడు, చప్పట్లు కొట్టించుకుంటాడు. అతనికి గొంతు పెరుగుతుంది గాని ఆలోచన పెరగదు. శత్రువు తరఫున తానే రాయవలసి వచ్చినప్పుడు తిట్లూ నినాదాలూ అక్కరకు రావు. ఆ శత్రువుకు జీతమిచ్చేదెవరు, అతని చేతిలో ఉన్న బలమెంత, అతనికి ఏ వార్త అందింది, ఏది అందలేదు – ఇవన్నీ వెతకవలసి ఉంటుంది. ఈ వెతుకులాటే చరిత్ర పాఠం.

దీనిపై ఒక అభ్యంతరం ఉంది. అందరి మాటా విన్నాక, ఎవరి ధర్మం వారిదేననే నిర్ణయానికి విద్యార్థి రాడా? వచ్చే ప్రమాదం ఉంది. అర్థం చేసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని చెప్పినంత మాత్రాన ఆ ప్రమాదం తప్పదు. ఉదాహరణతో పరీక్షించి చూడవలె.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న కాల్పులు ఆగినవి. 18న సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురికి లొంగిపోయాడు. స్వగతాలకు ఇంతకంటె అనువైన జంట దొరకదు. ఒకడు ఓడిన ప్రభువు సేవకుడు, మరొకడు గెలిచిన ప్రభుత్వ ప్రతినిధి. ఇద్దరూ బ్రిటిష్ సామ్రాజ్య సైనిక సంప్రదాయంలో తయారైనవారే. ఇద్దరి ఆత్మకథలూ పుస్తకాలుగా వచ్చినవి.

అయితే హుస్నాబాదులో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు అక్కడితో ఆగగలడా? అంతకు ఆరు నెలల ముందు, 1948 మార్చి 14న, ఆ వూరి దగ్గరి మహమ్మదాపూర్ గుట్టల్లో దళనాయకుడు అనభేరి ప్రభాకరరావు తన సహచరులతో సహా నిజాం పోలీసుల చేతిలో నేలకొరిగాడు. ఆయనకు ఆత్మకథ రాసే వ్యవధి దొరకలేదు. ఆత్మకథ ఉన్నవారికే స్వగతం అనే నియమం పెట్టుకుంటే, మన రూపమే పాలకుల పక్షం వహిస్తుంది.

ఇద్దరు సేనానుల స్వగతాలను పక్కపక్కన పెట్టి చదివించండి. పోరాడుకున్న ఆ ఇద్దరూ ఒక్క విషయంలో ఏకమవుతారు: పటేలు పట్వారీల కాగితాలు తగులబెట్టి, భూములు పంచిన దళాలు ఇద్దరికీ శత్రువులే. నిజాం లొంగిన తరువాత సైన్యం దళాలపైకి మళ్ళింది. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులోగదా! ఈ ఏకాభిప్రాయాన్ని విద్యార్థి తనంతట తాను కనిపెట్టిననాడు, ఎవరి ధర్మం వారిదనే మాట దానంతటదే కూలిపోతుంది.

అట్లాగని చౌధురి స్వగతాన్ని సులువుగా రాయనివ్వకూడదు. 1949లో జాగీర్లు రద్దయింది ఆయన సైనిక పాలనలోనే. సైనిక చర్య సమయంలోనూ, ఆ తరువాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని, వారిలో అత్యధికులు ముస్లిములని సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. ఈ రెండు విషయాలనూ తప్పించుకొని పోయే స్వగతం అబద్ధపు స్వగతం.

మూడవ స్వగతం మరీ కష్టం. ప్రభాకరరావు నోట మన నేటి నినాదాలు పెడితే అది మళ్ళీ వార్షికోత్సవపు ఏకపాత్రే అవుతుంది. ప్రతి స్వగతానికీ ఒక తేదీ ఉండవలె. ఆ తేదీనాటికి ఆ మనిషికి తెలియనిది అతడు పలుకరాదు. మార్చి 14నాటి దళనాయకునికి సెప్టెంబరు సంగతి తెలియదు. ఎవరు వస్తారో, ఎవరు గెలుస్తారో తెలియకుండానే ఆయన ఆ గుట్టల్లో నిలబడ్డాడు. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలు, స్తోత్రపాఠం పోయి మనిషి కనబడతాడు.

ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఇది. ఇద్దరు సేనానులతో మొదలుపెట్టండి, మూడవ గొంతుతో ముగించండి. ఆ పిదప తీర్పు చెప్పమని విద్యార్థినే అడగండి. మూడు గొంతులూ విన్నవాడు తీర్పు ఎగవేయలేడు. విన్నాడు కనుక గుడ్డిగానూ చెప్పలేడు.