పంక్ పాటలో పలుకుబడి

పంక్ పాటలను విమర్శకులు సాధారణంగా కోపానికి ఉదాహరణలుగా చూపుతారు. భాషాశాస్త్ర దృష్టితో వింటే వాటిలో మరో విశేషం ఉంది. 1960ల నాటి బ్రిటిష్ పాప్ గాయకులు పాడేటప్పుడు అమెరికన్ ఉచ్చారణను అనుకరించేవారు. 1976-77లో వచ్చిన పంక్ బృందాలు లండన్ శ్రామికుల పలుకుబడిని పాటలోకి తెచ్చాయి. పీటర్ ట్రడ్గిల్ 1983లో ఈ మార్పును ధ్వనుల స్థాయిలో పరిశీలించి చూపారు. అమెరికన్ లక్షణాలు పూర్తిగా పోలేదనీ, రెండూ కలిసే వినిపిస్తాయనీ కూడా ఆయన గమనించారు. 1977లో బి.బి.సి. ప్రసారానికి నిరాకరించిన సెక్స్ పిస్టల్స్ పాట ‘గాడ్ సేవ్ ద క్వీన్’లో ధిక్కారం మాటల్లో ఎంత ఉందో, పలికిన తీరులోనూ అంత ఉంది.

సియాటిల్ ప్రాంతంలో ఎదిగిన గ్రంజ్ వేరే దారి పట్టింది. నిర్వాణ బృందం 1991 నాటి ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’లో చరణం అణిగి, పల్లవి అరుపై, మాటలు చాలాచోట్ల స్పష్టంగా వినబడవు. అక్కడ అస్పష్టతే భావంలో భాగం. ఆ పాటలో ఒక మనిషి వేదన వినిపిస్తుంది గాని, ఒక ఊరి యాస వినిపించదు.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పాఠకులకు ఈ తేడా ముఖ్యమైనది. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అయిన కుటుంబాలు ఎన్నో. కైవారం నారేయణ తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదివి పాడుకునేవారున్నారు. లిపి మారినా పాట నిలిచింది. కాని వేదిక ఎక్కగానే కన్నడం కలిసిన తమ తెలుగును తప్పుగా భావించి పుస్తక భాషలోకి దిద్దుకుంటే, పోయేది ఆ పలుకుబడే. మిశ్రమ ఉచ్చారణ పంక్‌కు లోపం కాలేదు. ఇక్కడి కొత్త పాటగాళ్ళు ఇంటి మాటను దిద్దకుండా పాడితే, మాండలిక పరిశోధనకూ ఆ పాటలు విలువైన ఆధారాలవుతాయి.