‘కరీంనగర్’తో కందం ఎందుకు మొదలవదు?

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో, కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దపు శాసనం ఒకటుంది. పంప కవి తమ్ముడు జినవల్లభుడు వేయించింది. అందులో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. మనకు దొరికిన తొలి కందాల్లో ఇవీ ఉన్నాయి.

మరి బడిలో మనకు కందం ఎట్లా చెప్పారు? పద్యం మీద గురులఘువులు గీయించి, గణాలు విడదీయించి, యతి కుదిరిందని రాయించారు. మార్కులు పడ్డాయి. నా దృష్టిలో అది పూర్తయిన పద్యానికి చేసే తనిఖీ మాత్రమే. ఈ మాట ఇక్కడే ఎందుకు పడింది, మరోటి ఎందుకు పడదు అన్నది ఎవరూ చెప్పలేదు.

చిన్న ఉదాహరణ. ‘కరీంనగర్’ అన్న మాటతో కందం మొదలుపెట్టొచ్చా? కందంలో గగ, భ, జ, స, నల అనే గణాలే వస్తాయి, అన్నీ నాలుగేసి మాత్రలవి. క-రీం-న అంటే లఘువు, గురువు, లఘువు: జగణం. బేసి గణంగా జగణం రాకూడదు. కాబట్టి మొదటి పాదం మొదట్లో కుదరదు. అక్కడ మూడే గణాలు గనక రెండో పాదం నాలుగో గణంతో మొదలవుతుంది. అది సరిసంఖ్య, అక్కడ దర్జాగా పడుతుంది! అట్లా పడితే పాదాలన్నీ లఘువుతోనే మొదలవ్వాలి. అంటే మొదటి పాదం మొదట్లో గగ, భ పోయాయి, జ ముందే పోయింది. మిగిలినవి స, నల. ఇక ‘ఆదిలాబాద్’? ఆ-ది మూడు మాత్రలు, ఆపైన ‘లా’ గురువు. నాలుగు దగ్గర గణం తెగదు. ఏ పాదం మొదట్లోనూ పట్టదు.

సుడోకు లాంటి పజిళ్లను కంప్యూటర్ రెప్పపాటులో పూరిస్తుంది. ఆ జవాబు ఎట్లా వచ్చిందో మనిషికి అర్థమయ్యేట్టు చెప్పడం వేరే పని. బెల్జియంలో బార్ట్ బోగార్ట్స్, ఎమిలియో గాంబా, టియాస్ గున్స్ 2020లో దీని మీదే పరిశోధన ప్రచురించారు. ఒక్కో మెట్టులో వీలైనంత తక్కువ నియమాలు వాడాలి, తేలికైన మెట్టు ముందు రావాలి. వాళ్ల పద్ధతి సారం అదే. పైన కందానికి మనం చేసిందీ దాదాపు అదే.

ఈ మెట్లు పద్యం బాగుందో లేదో చెప్పవు, నిజమే. కానీ నియమం ఎక్కడ బలవంతపెట్టిందో తెలిస్తేనే, కవి తన ఇష్టంతో ఎక్కడ ఎంచుకున్నాడో కనిపిస్తుంది. విమర్శ మొదలవాల్సింది అక్కడ. గణవిభజన దగ్గరే ఆగిపోయిన చదువు మనల్ని అక్కడిదాకా తీసుకెళ్లలేదు.