లువార్ తల్లీ, నీ కరకట్ట మీద

లువార్ తల్లీ! ఫ్రాన్సు నడుమన నిండుగా, నిదానంగా నడిచే నీళ్ళదానా! నిన్ను చేరడానికి కాలినడక చాలదు, కారు తగదు. కాళ్ళే తొక్కాలి, చక్రాలే మోయాలి. గాలి చెంపకు తగలాలి, తడిమన్ను వాసన ముక్కుకు తెలియాలి. అందుకే సైకిలెక్కి నీ వాకిట నిలిచాను. రెండు చక్రాలు, ఒక గొలుసు, సీసాడు నీళ్ళు, చిటికెడు మోత మోగే చిరుగంట. ఇంతే నా రథం, ఇంతే నా పూజాద్రవ్యం.

అర్దెష్ కొండల్లో, జెర్బియే ద జోన్ పాదాన, దోసిట పట్టే ఊటవై పుట్టావు. వెయ్యి కిలోమీటర్లు దాటి అట్లాంటిక్ ఒడి చేరేదాకా సాగుతూనే ఉంటావు. నెవేర్ పట్నం దాటగానే ఆలియే నది వచ్చి నీ ఒళ్ళో వాలుతుంది. అక్కణ్ణుంచి సముద్రం దాకా నీ వెంటే సైకిలు దారి, సుమారు 900 కిలోమీటర్లు. నీ వరదలకు వెరచి రాజులు తరతరాలుగా పోయించిన కరకట్టలే ఇవాళ మా బాటలు. ఒక పక్క పారే నువ్వు, ఒక పక్క పండే పొలం. ఒక పక్క తళుకు, ఒక పక్క పచ్చన. నడుమ నూలుపోగంత దారి, దారి మీద నాతో పందెం కట్టి పరుగెత్తే నా నీడ.

వేసవిలో చూడాలి నిన్ను! ఒక్క ప్రవాహంగా ఒదగవు. పాయలు పాయలుగా విప్పుకున్న కురులవుతావు. పాయకూ పాయకూ మధ్య పసిడి ఇసుక తిన్నెలు, తిన్నెల నడుమ పొదలు గుబురెత్తిన లంకలు. నల్లని నెత్తి, తెల్లని రెక్కల పిట్టలు ఆఫ్రికా తీరాల నుంచి ఎగిరెగిరి వచ్చి, పుల్ల పేర్చకుండా, గూడు అల్లకుండా, ఆ వట్టి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. అంత దూరం వచ్చి నీ ఇసుకను నమ్ముకున్నాయి! ఆ నమ్మకం తలపుకొస్తే చాలు, పెడలు మీది పాదం తనంత తానే మెల్లబడుతుంది.

నీ ఒడ్డు రాయిని ఎంత పొగిడినా నాకు తనివి తీరదు. తుఫో అంటారు దాన్ని. మెత్తని రాయి, తెల్లని రాయి, గడ్డకట్టిన వెన్నెల లాంటి రాయి. కొండ కడుపు తొలిచి తీశారు. తీసిన రాయి కోటలైంది, గుడులైంది. తీసిన చోటు ఇళ్ళైంది. సోమ్యూర్ చుట్టుపక్కల కొండకే గడపలున్నాయి, కిటికీలున్నాయి, నెత్తిన గడ్డిలోంచి మొలిచిన పొగగొట్టాలున్నాయి. ఆ చల్లని చీకట్లో పుట్టగొడుగులు పెరుగుతాయి, ద్రాక్షరసం ఏళ్ళ తరబడి పక్వమవుతుంది. ఎండలో తొక్కి తొక్కి వచ్చి ఆ గుహ ముంగిట నిలబడితే కొండ ఊపిరి మెడను తాకుతుంది. మేడకూ గుహకూ తల్లివి నువ్వే. రాజుకు రాయిచ్చావు, పేదకు ఆ రాయి నీడనిచ్చావు. షాంబోర్ శిఖరాలనూ షెనన్సో వంతెన మీది మేడనూ లోకం పొగుడుతూనే ఉంది. నా మనసు మాత్రం ఆ గుహ గడపలు దాటి రానంటుంది.

అంబువాజ్‌లో సైకిలు దిగి చేతులు జోడిస్తాను. బతుకంతా నీటి సుడులను గీసి గీసి అలవని లియొనార్డో డావిన్సీ చెయ్యి ఆగింది ఈ ఊళ్ళోనే, 1519 మే 2న. నీళ్ళను అంతగా ప్రేమించినవాణ్ణి నీళ్ళ పక్కనే నిద్రపుచ్చుకున్నావు.

ఇంకా పడమటికి పోతే, వియెన్ నది నీలో కలిసేచోట, కాండ్ అనే చిన్న ఊరు. పునీత మార్టిన్ 397 నవంబరులో అక్కడే కన్నుమూశాడు. ఆయన దేహాన్ని పడవలో పెట్టి ఏటికి ఎదురు తూర్ నగరానికి తీసుకుపోతుంటే, చలి ముదిరే ఆ రోజుల్లో, నీ రెండు గట్లూ గుప్పున పూచాయట! నవంబరులో కాసే నులివెచ్చని ఎండను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నేను నమ్ముతాను తల్లీ. ఆ సంగమం దగ్గర నిలబడి, రెండు రంగుల నీళ్ళు ఒకటవుతుంటే చూసినవాళ్ళెవరైనా నమ్ముతారు.

నీ నీళ్ళేమో పడమటికి, సముద్రపు గాలేమో తూర్పుకు. నీతో పాటు దిగేవాడికి ఆ గాలే పరీక్ష. తల వంచనిదే దారి ఇవ్వదు. వంచుతాను, హ్యాండిలు మీదికి ఒరుగుతాను, తొడలు మండేదాకా తొక్కుతాను. ద్రాక్షతోటలు వెనక్కి, పొద్దుతిరుగుళ్ళు వెనక్కి, నల్లరాతి పలకల కప్పుల ఆంజే వెనక్కి, నాంట్ వెనక్కి. సెంబ్రెవెన్‌లో నువ్వు కడలివి. అక్కడ శిల్పి హువాంగ్ యోంగ్ పింగ్ చేసిన అల్యూమినియం మహాసర్పం ఎముకలు అలల్లో మెరుస్తాయి. పోటుకు మునుగుతాయి, పాటుకు తేలుతాయి.

ఇక చాలనుకుంటానా? హ్యాండిలు తూర్పుకు తిప్పుతాను. ఇంతసేపూ ఎదురొడ్డిన గాలి ఇప్పుడు వీపున చెయ్యేసి తోస్తుంది. పద తల్లీ, నువ్వు దిగిన మెట్లన్నీ నేనెక్కుతాను. ఈసారి అవతలి గట్టున!