కోయ పడిగెల్లో కూర్పు, వర్ణం: ఒక పరిశీలన

ఖమ్మం, భద్రాచలం, ములుగు అటవీప్రాంతాల కోయల పడిగెను జానపద సాహిత్య పరిశోధన సాధారణంగా కథాగానానికి తోడ్పడే సాధనంగానే గుర్తించింది. డోలీ పాడిన పాట గ్రంథస్థమవుతుంది; గుడ్డ మీది బొమ్మల అమరిక మాత్రం ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. పడిగెను దృశ్యకళగా నిలిపి దాని కూర్పును, వర్ణాన్ని పరిశీలిస్తే పాట వేరు, బొమ్మ వేరు అన్న ఈ విభజన నిలవదు.

పడిగె త్రికోణాకారపు గుడ్డ. ఒకవైపు వెడల్పుగా మొదలై, క్రమంగా సన్నబడి కొసదేరుతుంది. ఈ ఆకారమే దాని కూర్పును శాసిస్తుంది. చెర్యాల నకాశీ పటంతో పోల్చితే ఈ విషయం స్పష్టమవుతుంది. నకాశీ పటం నిలువుగా సాగే దీర్ఘచతురస్రం. మొదటి అరకూ చివరి అరకూ వెడల్పు ఒకటే కాబట్టి కథ పెరిగితే పటం పొడవు పెరుగుతుంది. పడిగెకు ఆ వెసులుబాటు లేదు. అంచులు రెండూ ఎక్కడ కలవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అందువల్ల గుర్రపు రౌతులు, పులి, సూర్యచంద్రులు మొదలైన రూపాల్లో వేటికెంత చోటు దక్కాలన్నది కత్తెర పట్టక మునుపే తేలవలసిన ప్రశ్న. కొసవైపు ఇమిడే రూపం చిన్నదవుతుంది. అయితే అది దూరాన ఉన్నందువల్ల చిన్నదైనది కాదు, ప్రాధాన్యం తగ్గి చిన్నదైనదీ కాదు. యూరోపీయ దృశ్యచిత్రాల దూరదృష్టి సూత్రానికి అలవాటుపడిన కన్ను ఇక్కడే పొరబడుతుంది. పడిగెలో పరిమాణం వరుసను తెలుపుతుంది.

ఆ వరుస వంశానిది. కోయ సమాజం గట్లుగా విభజితం. గట్లను సంఖ్యలతో వ్యవహరిస్తారు. ఒకే గట్టువారు సోదర వరుస గనుక వారి మధ్య వివాహసంబంధం ఉండదు. ఎవరి వేల్పు వారిది, ఎవరి పడిగె వారిది. కనుక బొమ్మ ఎక్కడ ఉన్నదన్నది అలంకారానికి సంబంధించిన విషయం కాదు, బంధుత్వానికి సంబంధించినది.

వర్ణం సంగతి మరింత ఆసక్తికరం. పడిగెలో రూపాలు ప్రధానంగా వేరే రంగు గుడ్డను కత్తిరించి, నేలగుడ్డపై కుట్టి అతికించినవి. కుంచె లేదు గనుక రంగుల మిశ్రమం లేదు, ఛాయాభేదం లేదు, నీడ లేదు. ఎరుపు, కావి రంగు నేలపై లేత రూపాలు ఒక్కసారిగా తేలివస్తాయి. నకాశీ పటానికీ ఎరుపే నేల. కానీ అక్కడ దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు అంటూ మేనిచాయ పాత్రను పట్టిస్తుంది. పడిగెలో రంగుకు ఆ బాధ్యత లేదు. రూపాన్ని నేలనుంచి విడదీయడమే దాని పని. గుడి ముందు గుమిగూడిన జనం దూరం నుంచి చూసే గుడ్డకు అంతకు మించిన వర్ణనీతి అవసరం లేదు. దీనిని పేదరికమనీ, ఆదిమ సరళత అనీ అనడం విమర్శ అనిపించుకోదు. కత్తెర గీసిన అంచుకు కుంచె గీసిన రేఖకు లేని తెగువ ఒకటుంది: తప్పు దిద్దుకునే వీలు దానికి తక్కువ.

రంగు పాత్రను పట్టించదు, రూపాలు పునరావృతమవుతాయి. మరి ఈ రౌతు ఎవరు? ఆ పేరు పాటలో ఉంది. పడిగె కథకు వేసిన బొమ్మ కాదు, పాట పడిగెకు వ్యాఖ్యానమూ కాదు. రెండూ కలిస్తేనే ఒక పాఠం. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య కోయభాషలోనూ తెలుగులోనూ ఈ గాథలు పాడిన డోలీ. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2024 జూన్‌లో ఆయన మరణించారు. ఆ తరం వెళ్లిపోతున్నకొద్దీ గుళ్లలో మూటగట్టి ఉంచిన పడిగెలు కొలుపులనాడు విప్పుతూనే ఉంటారు, పూజలూ జరుగుతాయి; బొమ్మల పేర్లు చెప్పేవారే తగ్గిపోతారు.

ఈ స్థితిలో పాఠసేకరణ పద్ధతి మారక తప్పదు. పాటను మాత్రమే ముద్రించిన సంకలనం సగం పాఠం. ఒక రౌతునో, ఒక పులినో కత్తిరించి ముఖచిత్రంగా వేసిన ఛాయాచిత్రం అంతకన్నా తక్కువ. అది రూపాన్ని చూపి స్థానాన్ని చెరిపేస్తుంది. ఏ చరణం దగ్గర గాయకుని చేయి ఏ రూపాన్ని తాకింది, ఏ రూపాన్ని దాటేసింది, ఎక్కడ వెనక్కి వచ్చింది అన్నవి పాఠాంతరాలతో సమానంగా నమోదు కావాలి. పడిగె మొత్తాన్ని అంచులతో సహా ఒకే చిత్రంగా తీసి, ప్రతి రూపానికీ సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యలను పాట పక్కన చేర్చడం కష్టమైన పనేమీ కాదు. పాడగలవారు ఉన్నంతకాలమే అది సాధ్యం.