పొలం లేని కోత పండుగ

శుక్రవారం పొద్దున బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఒక చర్చి ఆవరణలోకి ఆ అబ్బాయి పాత పెయింటు డబ్బాను చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పట్టుకుని వచ్చాడు. డబ్బాలో పుదీనా గుబురుగా ఉంది. ఆకు కాస్త నలిగితే చాలు, చుట్టూ వాసన. అతను సల్మాబాద్ వైపు కార్మికుల క్యాంపులో ఉంటాడు. ఆరుగురు పడుకునే గదికి ఒక్కటే కిటికీ. ఆ కిటికీ గట్టు మీద, బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచాడు.

"అక్కా, దీన్ని ఏడ పెట్టాలె?" అని అడిగాడు.

"ఇటు తే తమ్ముడూ, గుమ్మడికాయ పక్కన పెడదాం," అంది బల్ల సర్దుతున్న నర్సమ్మ.

అతనిది జగిత్యాల వైపు, ఆమెది భీమవరం వైపు. ఆ బల్ల మీద ఎవరైనా తమ చేతులతో మొలిపించి తెచ్చింది ఆ పుదీనా ఒక్కటే. గుమ్మడికాయ సెంట్రల్ మార్కెట్‌లో కొన్నది. బియ్యం, కందిపప్పు, నూనె, కోడిగుడ్ల అట్టలు, బిస్కెట్ పొట్లాలు అన్నీ జీతం డబ్బుతో కొన్నవే. ఆ రోజు అక్కడ కోత పండుగ. ఉన్నవాళ్లలో ఒక్కరికీ ఆ నేల మీద సెంటు భూమి లేదు, కోసిన పంటా లేదు. అయినా పండుగ చేసుకున్నారు. ఆ పద్ధతిలో ఎంత ఆలోచన ఉందో దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను.

కోత పండుగ మన పల్లె క్రైస్తవులకు క్రిస్మస్ తర్వాత అంత పెద్దది. మా చిన్నప్పుడు గుడి గుమ్మానికి అరటి బోదెలు, చెరుకు గడలు కట్టేవాళ్లు. లోపల దూలానికి వరి కంకుల కుచ్చులు వేలాడేవి. ఎవరింట్లో ఏది పండితే అది తెచ్చేవాళ్లు: బస్తా ధాన్యం, కంద, పెసలు, కాళ్లు కట్టిన కోడిపుంజు, పొలం లేని ముసలమ్మ అయితే ఒక గుడ్డు. అయ్యగారు ప్రార్థన చేశాక వేలం పాట. ఆ వేలంలోనే అసలు కిటుకు ఉంది. ముసలమ్మ గుడ్డును ఒకాయన పాడుకుంటాడు, డబ్బు కట్టి "మళ్లీ గుడికే" అంటాడు. ఆ గుడ్డు మళ్లీ వేలానికి వస్తుంది. ఇంకొకాయన పాడతాడు. అలా నాలుగు చేతులు మారేసరికి బస్తా ధాన్యం పలికిన ధరను గుడ్డు దాటిపోయేది. తెచ్చినామె అరుగు చివర కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకునేది. పెద్ద కానుకకు, చిన్న కానుకకు మధ్య ఉన్న దూరాన్ని ఊరంతా కలిసి పూడ్చే ఏర్పాటు అది. ఏ ప్రసంగమూ ఆ పని అంత బాగా చేయలేదు.

1912లో డోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఈ సంగతి బాగా ఎరిగినవాడు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ ఆయన. ఆయన సంఘాల్లో అత్యధికులు కూలి చేసుకు బతికే దళితులు. వీళ్లేం ఇస్తారులే అని ఊరుకోలేదు. బీదవాళ్లు ఇవ్వడం నేర్చుకోవాలని పట్టుబట్టాడు, క్రైస్తవ దాతృత్వం మీద ఒక పుస్తకమే రాశాడు. నాకు ఆయన మొండితనం సరైనదే అనిపిస్తుంది. ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యిగానే చూసిన మనిషిని ఇచ్చే చెయ్యిగా నిలబెట్టడం అతనికి చేసే పెద్ద మర్యాద.

ఈ పండుగకు మూలం బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం. అక్కడ చెప్పిన క్రమం చాలా స్పష్టం. ప్రథమ ఫలాలు గంపలో పెట్టుకుని రావాలి. గంప దించి, తన పితరుడు దిక్కులేకుండా తిరిగినవాడనీ, పరాయి దేశంలో వెట్టి చేసిన జనం తమదనీ నోటితో చెప్పాలి. తర్వాత లేవీయుడితో, తమ మధ్య ఉన్న పరదేశితో కలిసి తిని సంతోషించాలి. తేవడం, చెప్పుకోవడం, కలిసి తినడం. ఊళ్లో ఉన్నప్పుడు మొదటిది మాత్రమే మా కంటికి ఆనేది. నడిమి భాగం, వలస వచ్చిన కథ చెప్పుకోవడం, మాకు పట్టేది కాదు. బహ్రెయిన్‌లో అదే ముందుకొచ్చింది. అక్కడ ప్రతివాడూ పరదేశే.

ఆ చెప్పుకోవడాన్ని మన సంఘాల్లో సాక్ష్యం అంటారు. కోత పండుగ రోజు సాక్ష్యానికి అక్కడ ఒక నియమం పెట్టుకున్నారు: కానుకను చేతిలో పట్టుకునే మాట్లాడాలి, రెండు నిమిషాల్లో ముగించాలి. ఒకాయన కిలో పంచదార పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. అప్పు చేసి వచ్చాననీ, ఈ ఏడాదితో తీరిందనీ, కూతురు ఇంటర్ పాసయ్యిందనీ చెప్పాడు. గొంతు పట్టేసింది. పొట్లం బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. అంతే. చేతిలో వస్తువు ఉంటే మాట అటూ ఇటూ పోదు.

పాటల సంగతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్లు పల్లవి, చరణాలుగా కట్టిన కీర్తనలు చదువురాని సంఘాల్లో నిలబడ్డాయంటే ఆ కట్టుబడి వల్లే. ఒకరు ఎత్తుకుంటారు, అందరూ అందుకుంటారు, ప్రతి చరణం తర్వాత పల్లవి ఇంటికి తిరిగొచ్చినట్టు వస్తుంది. ఇది ఇవాళ్టిది కాదు. బైబిల్లోని 136వ కీర్తనలో 26 వచనాలుంటే, 26 సార్లూ సమాజం ఒకే మాట తిరిగి పలుకుతుంది. సూర్యుడు, చంద్రుడు, నేల, నీళ్లు, చివరకు సమస్త జీవులకూ ఆహారం దాకా ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలవడం, ప్రతి పిలుపుకూ జనం బదులు పలకడం. మనామాలో దాన్నే తెలుగులో చేశారు. నడిపించేవాడు సృష్టిలో ఒక దాని పేరు చెబుతాడు, కూర్చున్నవాళ్లు బదులిస్తారు. కీర్తన ముగిశాక, మీ ఊరిది ఏదైనా చెప్పండి అన్నాడు. ఒకరు గోదావరి అన్నారు. ఒకరు తాటి ముంజెలు. వెనక వరసలోంచి ఎవరో "వాన" అన్నారు. అందరూ ఒక్క క్షణం ఆగి బదులిచ్చారు.

వాన అరుదైన చోట సృష్టికర్తను స్తుతించడం ఎలా? బహ్రెయిన్ పేరులోనే ఒక జవాబుంది. అరబ్బీలో ఆ మాటకు రెండు సముద్రాలని అర్థం. ఉప్పు సముద్రం అడుగున మంచినీటి ఊటలు ఉండేవి. ముత్యాల కోసం మునిగేవాళ్లు తోలు తిత్తులతో కిందికి దిగి ఆ నీళ్లు పట్టుకొచ్చేవాళ్లు. ఆ ఊటలు ఇప్పుడు చాలావరకు ఎండిపోయాయి. తాగే నీళ్లు ఎక్కువగా సముద్రపు నీటి ఉప్పు తీసి చేసినవే. అందుకే ఆ బల్ల మీద బియ్యం పక్కన ఒక గాజు గ్లాసుతో నీళ్లు కూడా పెట్టారు. మన ఊళ్లలో నీళ్లను కానుకగా పెట్టాలని ఎవరికీ తోచదు. అక్కడ తోచింది.

ఈ దీవుల్లో క్రైస్తవ ఆరాధన చమురుతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. చమురు బయటపడింది 1932లో. అమెరికన్ మిషన్ అంతకు నలభై ఏళ్ల ముందే, 1892లో వచ్చింది. 1903లో ఆసుపత్రి, 1906లో చర్చి కట్టింది. మనామాలో సేక్రెడ్ హార్ట్ కథోలిక దేవాలయం 1939 నాటిది. అవాలీలో 2021లో ప్రతిష్ఠించిన అవర్ లేడీ ఆఫ్ అరేబియా కథెడ్రల్ ఉన్న స్థలం రాజు ఇచ్చింది. దాని రూపం నిర్గమకాండంలోని గుడారాన్ని గుర్తుకు తెస్తుంది. వీటన్నిటికంటే నన్ను కదిలించింది ముహర్రఖ్ దీవిలోని సమాహీజ్. అక్కడ తవ్వకాల్లో బయటపడ్డ ఒక కట్టడం గురించి బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2024లో ప్రకటించింది. 4వ శతాబ్దం మధ్య నుంచి 8వ శతాబ్దం దాకా అందులో క్రైస్తవులు ఉన్నారు. ఎనిమిది గదులు. సున్నపు గచ్చుతో చేసిన మూడు సిలువలు దొరికాయి. గదుల్లో ఒకటి వంటిల్లు, ఒకటి భోజనశాల, ఒకటి పనిగది. దారం వడికే కదుళ్ల బిళ్లలు, రాగి సూదులు దొరికాయి. భారతదేశం నుంచి వచ్చిన మట్టిపాత్రలు, ఎర్ర పూసలు కూడా. పదమూడు వందల ఏళ్ల కిందటే అక్కడ సిలువ ఉన్న కప్పు కిందే పొయ్యి ఉంది, కలిసి తినే గది ఉంది, మన దేశపు కుండ ఉంది. ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందు వండే మన ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

మళ్లీ ఆ శుక్రవారం ఆరాధనకు వస్తే, ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లేముందు సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకుంటారు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడి, 1950లో తన ఆరాధన క్రమం రూపొందించుకున్నప్పుడు కేరళ సిరియను క్రైస్తవుల దగ్గర నుంచి ఈ పద్ధతి తీసుకుంది. ఇచ్చేవారు తమ కుడి అరచెయ్యి ఎదుటివారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమ చేతులతో మూస్తారు. బల్ల దగ్గర మొదలైన సమాధానం చేయి నుంచి చేయికి వెనక వరసదాకా పోతుంది. నా చేతికి అందించినాయన షట్టరింగ్ పనివాడు. అరచెయ్యి ఇటుకలా గరుగ్గా ఉంది. నేను అందించింది బ్యాంకులో పనిచేసే ఒకావిడకు. వారంలో మిగతా ఆరు రోజులు ఆ రెండు చేతులు కలిసే చోటు ఆ ఊళ్లో లేదు.

ఇక ప్రేమవిందు. ఎనిమిది కుటుంబాలు పంచుకుని వండుకొస్తాయి: ఒకరు పులిహోర, ఒకరు కోడికూర, ఒకరు పప్పుచారు, ఊరి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా ఎవరో ఒకరు. వంటపాత్రలన్నీ వరసగా బల్లల మీద చేరాయి. మూతల సందుల్లోంచి ఆవిరి వస్తోంది. ఒంటిగంట దాటింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఒక్కరూ మూత తీయలేదు.

"ఇంకో బస్సు రావాలండీ. వాళ్లు పొద్దున షిఫ్టులో పోయారు," అన్నారు పాస్టర్ గారు.

అక్కడ రాసిపెట్టని చట్టం అది: ఆఖరి బస్సు వచ్చేదాకా మూత తీయకూడదు. దీని వెనక కొరింథు సంఘం కథ ఉంది. మొదటి కొరింథీయులకు రాసిన లేఖ 11వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు కోపగించుకున్నది దీని గురించే. తీరిక ఉన్నవాళ్లు ముందొచ్చి తినేసేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయేవాళ్లు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమని ఆయన తేల్చి చెప్పాడు. రెండు వేల ఏళ్ల కిందటి ఆ కూడికకూ, షిఫ్టు దిగి హెల్మెట్లతో సహా వచ్చిన ఆ పద్నాలుగు మందికీ మధ్య నాకు పెద్ద తేడా కనిపించలేదు. వాళ్లు చేతులు కడుక్కునేలోపు పాస్టర్ గారు పులిహోర మూత తీశారు. మొదటి పళ్లేలు వాళ్లవే. జగిత్యాల అబ్బాయి తెచ్చిన పుదీనా రెండు కొమ్మలు తుంపి మజ్జిగలో వేశారు.

ఇంకో వరసలో టిఫిన్ క్యారియర్లు నింపుతున్నారు. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లలో చాలామందికి శుక్రవారం సెలవు దొరకదు. వాళ్లు వంటింటి మూల ఫోన్లో పాట విని, మధ్యలో కట్ చేసి పోతారు. వాళ్లకు ఎవరో ఒకరు క్యారియర్ అందిస్తారు. బల్ల మీది సరుకు అంతా సంచుల్లో పెట్టి, పని పోయి దిగాలుగా ఉన్న గదులకు పంపుతారు. అక్కడ వేలం లేదు. వేలం చేయాల్సిన పని ఈ సంచులే చేస్తాయి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మన ఊళ్లలో మాలపల్లె గుడి, మాదిగపల్లె గుడి విడిగా ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. ఒకే ప్రభువు బల్ల, రెండు కప్పులు. మనామాలో ఆ రెండు పల్లెల వాళ్లూ ఒకే గరిటెతో వడ్డించుకున్నారు. పెళ్లి సంబంధాల దగ్గరికి వస్తే పాత ప్రశ్న మళ్లీ లేస్తుందని వాళ్లే చెప్పారు. అయినా కలిసి తినడం అలవాటైన పిల్లలు ఆ ఆవరణలో పెరుగుతున్నారు. అది చిన్న సంగతి కాదు.

సాయంత్రం కొందరం కారులో దక్షిణానికి, ఎడారిలోని జీవవృక్షం చూడటానికి వెళ్లాం. చుట్టూ ఇసుక, మధ్యలో ఒక్క చెట్టు. నాలుగు వందల ఏళ్లు పైబడిందని చెబుతారు. 2022 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ బహ్రెయిన్ వచ్చినప్పుడు తన మొదటి ప్రసంగంలో ఆ చెట్టునే తలచుకున్నారు. దగ్గరికి వెళ్లి ఆకు చూసిన జగిత్యాల అబ్బాయి ఒక్కసారిగా నవ్వాడు.

"ఇది మా జమ్మి గదన్నా!"

నిజమే. అది మన జమ్మి చెట్టే, తెలంగాణ రాష్ట్ర వృక్షం. అతను చాలాసేపు దాని కింద నిలబడ్డాడు.

ఊళ్లో ఉన్న సంఘాల వాళ్లకు ఒక మనవి. ఈమధ్య మన గుళ్లలో కూడా కోత పండుగంటే కవర్ల పండుగ అయిపోయింది. పేరు రాసి, నోటు పెట్టి, డబ్బాలో వేసి వస్తున్నాం. ఎవరు ఎంత వేశారో చదివి వినిపిస్తున్నాం. గుడ్డు తెచ్చిన ముసలమ్మ ఆ జాబితాలో చివరికి పోయింది. వచ్చే పండుగకు కవరు ఇవ్వండి, కాదనను. దాంతోపాటు చేత్తో పట్టుకుని ఏదో ఒకటి తీసుకెళ్లండి. సొరకాయో, కరివేపాకు రెమ్మో, దోసెడు పెసలో. ఆరాధన అయ్యాక దూరపు పల్లె నుంచి నడిచొచ్చే ఆఖరి మనిషి చేరేదాకా వంట పాత్రల మూతలు తీయకండి. పొలం లేదంటారా, పుదీనాకు ఒక పెయింటు డబ్బా చాలు.