ఎలుగుల అడవిలో వంట

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామంది యెల్లోస్టోన్ నుంచి గ్లేసియర్ పార్కు దాకా కారులో వెళ్లి, రెండు మూడు రాత్రులు లోపలి అడవిలో టెంట్ వేసుకోవాలని చూస్తుంటారు. ఈ వారం ఆ మాటల్లో మళ్లీ మళ్లీ వినబడి నన్ను చికాకు పెట్టిన ప్రశ్న ఒకటే: గ్రిజ్లీ ఎలుగు ఎదురైతే ఏం చేయాలి? తెలుసుకోవలసిందే, కాదనను. కానీ అసలు సంగతి అంతకు ఎన్నో గంటల ముందే, పొయ్యి దగ్గరా గిన్నెలు కడిగే చోటా తేలిపోతుంది. ఇక అడవిలో నడవడానికి పర్మిట్ అడగడమంటే నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. వంట తెలిసినవాడికి కాగితంతో పనేమిటన్నది నా పాత వాదం.

వంటకు అంత ప్రాధాన్యం ఎందుకో చరిత్రే చెబుతుంది. 1910లో ఏర్పడిన గ్లేసియర్ పార్కులో 1967 ఆగస్టు 13 వరకు ఎలుగుబంటి చేతిలో ఒక్కరూ చనిపోలేదు. ఆ ఒక్క రాత్రిలో, వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు గ్రిజ్లీలు పందొమ్మిదేళ్ల అమ్మాయిలిద్దరిని చంపాయి. ఆ చోట్లలో ఒకటైన గ్రానైట్ పార్క్ వసతిగృహం దగ్గర మిగిలిన తిండి బయట పారబోసేవారు, ఎలుగులు వచ్చి తింటుంటే అతిథులు వేడుకగా చూసేవారు. రెండో చోటైన ట్రౌట్ సరస్సు వైపు తిరిగిన ఎలుగు కూడా ఆ వేసవంతా మనుషుల తిండి వెంట పడినదే. యెల్లోస్టోన్‌లో 1931 నుంచి 1969 వరకు ఏడాదికి సగటున 48 మంది ఎలుగుల వల్ల గాయపడ్డారు. చెత్తకుప్పలు మూసి, తిండి పెట్టడం మాన్పించాక ఆ సంఖ్య ఏడాదికి ఒకటి దరిదాపుకు దిగింది. మృగం మారలేదు, మన ఎంగిలి మారింది.

కాబట్టి నేర్చుకోవలసిన పనితనం ఇదీ. వంట చేసేదీ తినేదీ టెంట్‌కు కనీసం తొంభై మీటర్ల దూరంలో ఉండాలి. వంటప్పుడు వేసుకున్న బట్టలతో పడుకోకూడదు. తిండితోపాటు టూత్‌పేస్టూ సబ్బూ కొబ్బరినూనె సీసా కూడా నేలకు మూడు మీటర్ల పైన, వాటిని కట్టిన స్తంభానికి దూరంగా వేలాడాలి, లేదా గట్టి డబ్బాలో ఉండాలి. ఆవకాయ, కారప్పొడి, పులిహోర తీసుకెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. వాసన ఎంత గాఢమైతే జాగ్రత్త అంత ఎక్కువ. ఎలుగు మీదికి కొట్టే బేర్ స్ప్రే చివరి ఆసరా. అందులో మండేది మన మిరపకాయలో ఉండే క్యాప్సైసినే. అలాస్కాలో రెండు దశాబ్దాల సంఘటనలు పరిశీలించి 2008లో వెలువరించిన అధ్యయనంలో, స్ప్రేతో ఉన్నవారిలో 98 శాతం మంది గాయం లేకుండా బయటపడ్డారు. అయితే దాన్ని ఎలుగు ముఖం మీదికి కొట్టాలి. దోమల మందులా టెంట్‌కు పూస్తే రక్షణ దొరకదు.

గ్రిజ్లీ వల్ల గాయపడే ప్రమాదం 27 లక్షల సందర్శనలకు ఒకటని యెల్లోస్టోన్ పార్కే చెబుతుంటే ఇంత తంతు దేనికని అడిగేవారున్నారు. అందరూ ఈ తంతు పాటించబట్టే ఆ సంఖ్య అంత చిన్నది. పైగా ఆ లెక్క మనుషులది మాత్రమే. మన తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్నే చంపేస్తారు. అప్పటికి మనం కారెక్కి వెళ్లిపోయి ఉంటాం. యెల్లోస్టోన్ చెత్తకుప్పల్ని ఒక్కసారిగా మూయొద్దు, వాటికి అలవాటుపడిన ఎలుగులు చచ్చిపోతాయని అక్కడి గ్రిజ్లీలను అధ్యయనం చేసిన క్రెయిగ్‌హెడ్ సోదరులు అప్పట్లో హెచ్చరించారు. అలాగే చాలా చనిపోయాయి. 1975 నాటికి గ్రిజ్లీని ముప్పులో ఉన్న జీవిగా ప్రకటించాల్సి వచ్చింది.

పర్మిట్ అక్కర్లేదన్న నా పాత వాదం ఇక్కడే నిలవడం లేదు. చేయి తిరిగినవాడి జాగ్రత్త అతని టెంట్ వరకే. నిన్న రాత్రి అదే చోట బస చేసినవాడు చేపతలలు వదిలి పోతే, ఆ ఫలితం ఇవాళ వచ్చినవాడికి తగులుతుంది, ఆ తర్వాత ఎలుగుకి. ఒకరి ఎంగిలి ఇంకొకరి ప్రాణం మీదికి వచ్చే చోట ఎవరి నేర్పు వారిదే అంటే కుదరదు. ఎవరు ఏ చోట, ఎన్ని రాత్రులు ఉంటారో రాసుకుని, తిండి ఎలా దాచాలో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే రేంజర్ బల్ల అందుకే ఉండాలి. యెల్లోస్టోన్‌లో పెలికన్ లోయ జూలై 3 దాకా మూసే ఉంటుంది. తెరిచాక కూడా ఉదయం 9 నుంచి సాయంత్రం 7 వరకే నడవనిస్తారు, రాత్రి బస ఉండదు. ఆ లోయ గ్రిజ్లీలకు కావాలి. ఆ ఆంక్షను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.