బందీయైన ప్రభువు గీతములు

1415లో ఆజిన్‌కోర్టు యుద్ధమున ఆంగ్లేయులకు పట్టుపడిన ఫ్రెంచి రాకుమారుడు, ఆర్లియన్సు ప్రభువు షార్లు, 1440 వఱకు ఇంగ్లండులో బందీగా నుండెను. సేవకులుండిరి, పుస్తకములుండెను, కాని తాకట్టుసొమ్మువలె ఆయనను కోటనుండి కోటకు మార్చుచుండిరి.

ఆ ఇరువదియైదేండ్ల ప్రేమగీతములలో చెఱసాలను వెదకు చదువరి మొదట నిరాశపడును. గోడల వర్ణన లేదు. విచారము, ఆశ, నిర్లిప్తత మనుష్యరూపము దాల్చి కవితో మాటలాడును. ప్రబోధచంద్రోదయము చదివిన తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. అయినను ఇది వట్టి ఆస్థానక్రీడ యనుట తొందరపాటు. డోవరు తీరమున నిలిచి ఫ్రాన్సువైపు చూచు గీతము నొక్కదానిని చదివినను చాలును. అందు ఆయన వేడునది శాంతి. సంధి కుదిరిననేగాని తన చెఱ వీడదు. కావున ఆ వేడుకోలులో దేశబాధ యెంతో, స్వార్థమెంతో వేఱుపఱుప వీలుకాదు. గీతము బలమంతయు నచ్చటనే యున్నది.

1406 మొదలు 1424 వఱకు ఆంగ్లేయుల చెఱలోనున్న స్కాట్లండు రాజు మొదటి జేమ్సు రచనగా చెప్పబడు ‘కింగిస్ క్వైర్’ కావ్యమున, గవాక్షమునుండి తోటలో కన్పించిన సుందరి చివరకు నాయకునికి దక్కును. షార్లు గీతములలో నాయిక మరణించును, నిరీక్షణ మిగులును. ఆంగ్లమునందలి గీతసంపుటి యొకటి కూడ ఆయనదేయని పండితులు పెక్కుమంది తలంతురు. అందలి పదప్రయోగము అచ్చటచ్చట వింతగా తోచును. తనను చెఱపెట్టినవారి భాషలో విరహము చెప్పుకొన్నవాని ఆంగ్లమది.